కుట్టని చొక్కా

దారాలక్క అసలు పేరు కాగితాల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. తమ్ముడి డ్రైక్లీనింగ్ కొట్లో గాజు తలుపు పక్కన, వెలుతురు బాగా పడే మూల ఆమెది. ఎత్తు పీట, బల్ల, మెడ వంచుకునే దీపం, భూతద్దం, సూదుల డబ్బా. చినిగిన చోట మాసిక వేయడం చేతగాని పని అని ఆమె అభిప్రాయం. అదే బట్ట అంచు మడతలోంచి దారాలు లాగి, పడుగుకు పడుగూ పేకకు పేకా కలిపి, చిరుగు ఎక్కడుందో కట్టుకున్నవాడికే తెలియకుండా అల్లేది. దాన్ని రఫూ అంటారు. ఆ పని చేసేవాళ్ళు ఊరు మొత్తం మీద ఇప్పుడు నలుగురో ఐదుగురో. యాభై రెండేళ్ళొచ్చినా ఎవరైనా పెళ్ళి మాటెత్తితే, "సూదిలో దారం ఎక్కించేలోపు వయసు దాటిపోయింది, ఏం చెయ్యను?" అని నవ్వేసేది.

ముప్పై ఏళ్ళుగా చిరుగులు చూసిన కన్ను అది. మేకుకు తగిలిన బట్ట మూల తిరిగి చినుగుతుంది. నిప్పురవ్వ పడితే అంచు గట్టిపడుతుంది. ఎలుక కొరికితే నమిలినట్టుంటుంది. కుక్క కరిచిందని చెప్పుకోడానికి సిగ్గుపడి మేకు మీద నేరం తోసేసిన పెద్దమనుషులను ఆమె చాలామందిని చూసింది. "అలాగే బాబూ, మేకే. పళ్ళున్న మేకు," అని చీటీ రాసి ఇచ్చేది.

కానీ ఈ రెండు మూడేళ్ళలో వచ్చే బట్టలు మారాయి. ఊరు నాలుగు దిక్కులా ఒళ్ళు తెలియకుండా పెరుగుతోంది. కొట్టు ముందు నిలబడితే ఒకప్పుడు ఆకాశం కనిపించేది. ఇప్పుడు పద్నాలుగు క్రేన్లు కనిపిస్తున్నాయి. ఎక్కడెక్కడి జనమో వస్తున్నారు, పగలు కడుతున్నారు, సాయంత్రం అద్దె గదులకు నడుస్తున్నారు. దానితో పాటే తెగిన భుజం సంచుల పట్టీలు, జేబు దగ్గర నిలువునా కోసిన కోట్లు, మోచేతి కింద తెగిన చొక్కా చేతులు ఆమె బల్ల మీదికి రావడం మొదలైంది. మొదట్లో నెలకొకటి. ఇప్పుడు వారానికి నాలుగైదు. అడిగితే ఎవరూ నోరు విప్పరు. "ఎక్కడో తగిలిందండీ" అంటారు. తగిలిన బట్టకూ తెగిన బట్టకూ తేడా తెలియని మనిషి ఎదురుగా కూర్చున్నట్టు.

"ఊళ్ళో కత్తులెక్కువయ్యాయిరా," అంది ఒకరోజు తమ్ముడితో.

తమ్ముడు ఇస్త్రీ బల్ల దగ్గర పేపరు చదువుతున్నాడు. "ఇదిగో, నేరాలు పదిహేను శాతం తగ్గాయని రాశారుగా. పెద్ద ఆఫీసరే చెప్పాడు."

"తగ్గింది నేరాలు కాదు, రాయడం," అని ఆమె సూది నోట్లో పెట్టుకుని దారం వెతుక్కుంది.

*

ఆ మాటన్న పదో రోజో పన్నెండో రోజో, మధ్యాహ్నం వేళ ఒకావిడ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. చేతిలో ఉతికి, ఆరేసి, నాలుగు మడతలు పెట్టిన నీలం యూనిఫారం చొక్కా.

"ఇది కుట్టాలి అక్కా. సోమవారంలోపు. కుట్టు కనపడకూడదు."

ఆ చొక్కా దారాలక్కకు తెలిసిందే. కొత్తగా కట్టే టవర్లకు కాపలావాళ్ళను పంపే ఏజెన్సీది. ఆ ఏజెన్సీ యూనిఫారాలు ఉతికేది తమ్ముడే.

"మీ ఆయనదా?"

"ఆయనదే." ఆవిడ గొంతు తడబడలేదు. చాలాసార్లు చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలాగా చెప్పింది. "మూడు వారాలైంది పోయి. సైటులో రెండో అంతస్తు మెట్ల మీంచి జారి కింద ఇనప చువ్వల మీద పడ్డాడు. డ్రెస్సు వాపసు చెయ్యాలంట. చినిగి ఉంటే తీసుకోరంట. ఆయన కాగితాలేవీ కదలవంట."

మనిషి పోయాక అతని చొక్కా కూడా బాగుచేసి ఇవ్వమన్నవాడి నోట్లో ఏం పడాలో దారాలక్క మనసులో అనుకుంది గానీ పైకి అనలేదు. చొక్కా తీసుకుని బల్ల మీద పరిచింది. వీపున ఎడమ వైపు రెండు రంధ్రాలు. కుడి చేతికి మోచేతి కింద అడ్డంగా ఒకటి. దీపం మెడ వంచి, భూతద్దం దగ్గరగా తెచ్చింది.

చాలాసేపు చూసింది. తిరగేసి లోపలి వైపు చూసింది. మళ్ళీ పై వైపు చూసింది.

"ఎంత సేపు పడుతుంది అక్కా?" అంది ఆవిడ.

దారాలక్క భూతద్దం పక్కన పెట్టింది. "ఇది నేను కుట్టనమ్మా."

"ఎందుకు? కుదరదా?"

"కుదురుతుంది. నేను కుడితే ఇక్కడ చిరుగుండేదని దేవుడొచ్చినా కనుక్కోలేడు. అందుకే కుట్టను. ఇది చువ్వ కాదు. కత్తి."

ఆవిడ ముఖం ఎర్రబడింది. "నాకు కొత్త కథలు వద్దు అక్కా. పోలీసులు చూశారు, డాక్టర్లు చూశారు. రిపోర్టులో చువ్వలు పొడుచుకున్న గాయాలని రాశారు. నువ్వెవరు చెప్పడానికి? నాకు చొక్కా కుట్టించుకుపోతే చాలు. ఇంట్లో ఇద్దరు పిల్లలు."

"నేనెవర్నో చెప్పను, చూపిస్తాను. ఒక్క నిమిషం కూర్చో."

లోపల మూలన పడేసిన పాత యూనిఫారం ఒకటి తెచ్చింది. అదే గుడ్డ, అదే నేత. షట్టరు లాగే ఇనప చువ్వ తెచ్చింది. బట్టను రెండు బల్లల మధ్య బిగించి, చువ్వ మొన దాని మీద ఆనించి, తన ఒంటి బరువంతా వేసి నొక్కింది. బట్ట లోపలికి సాగి, సాగి, టప్పున పిగిలింది. తర్వాత కొట్టు వెనకే ఉన్న వంటగదిలోంచి కూరగాయల కత్తి తెచ్చి పక్కనే ఒక పోటు పొడిచింది. చప్పుడే లేదు.

"ఇప్పుడు రా. నువ్వే చూడు."

ఆవిడ భూతద్దంలోంచి చూసింది. చువ్వ చేసిన రంధ్రం చుట్టూ దారాలు సాగి, ఒకటి పొడుగ్గా ఒకటి పొట్టిగా, చెదిరిన జుట్టులా ఉన్నాయి. కత్తి దిగిన చోట దారాలన్నీ ఒకే ఎత్తులో, గీత గీసినట్టు తెగాయి. ఒక కొస సన్నగా, రెండో కొస మొద్దుగా.

"సన్నగా ఉన్నది పదును వైపు. మొద్దుగా ఉన్నది కత్తి వీపు వైపు. ఇప్పుడు మీ ఆయన చొక్కా చూడు."

ఆవిడ చూసింది. మూడు రంధ్రాలూ చూసింది. చేతి మీది కోత దగ్గర ఆగిపోయింది.

"ఇది అడ్డం పెట్టుకున్న చెయ్యి," అంది దారాలక్క మెల్లగా. "పడేవాడు ఇలా పెట్టుకోడు."

ఆవిడ పీట మీద కూలబడింది. ఏడవలేదు. రెండు అరచేతులూ మోకాళ్ళ మీద బోర్లించి కూర్చుంది. "నాలుగుసార్లు ఉతికాను అక్కా," అంది. "నెత్తురు మరక పోయేదాకా. శుభ్రంగా ఇవ్వాలి కదా అని."

అప్పుడు చెప్పింది. పోయే ముందు వారం రోజులు ఆయనకు నిద్ర లేదు. సైటులోకి వ్యానేసుకుని ఎవరో వస్తున్నారు, రాగి తీగల చుట్టలు ఎత్తుకుపోతున్నారు. సూపర్‌వైజరుకు రెండుసార్లు చెప్పాడు. "నీ పని గేటు చూసుకోవడం, లోపల సంగతి నీకెందుకు?" అన్నాడట. ఇదే ఏజెన్సీలో ఈ ఏడాది అంతకుముందే ఇంకో ఇద్దరు కాపలావాళ్ళు "పడి" పోయారట.

"ముగ్గురూ పడ్డారా? కాపలావాళ్ళకి కాళ్ళు లేని ఊరా ఇది?" అంది దారాలక్క. చొక్కా తన దగ్గరే ఉంచుకుని ఆవిడకు చీటీ రాసి ఇచ్చింది.

*

సోమవారం సూపర్‌వైజరే వచ్చాడు. కాపలా మనిషి పెళ్ళాం చొక్కా ఇక్కడిచ్చిందని ఎలా తెలిసిందో, "ఆ డ్రెస్సు ఇటివ్వండి, పాడైనా పర్లేదు, తీసుకుపోతాను," అన్నాడు.

"చినిగింది తీసుకోరన్నారటగా?"

"ఏదో పాపం అని మేమే సర్దుకుంటున్నాం."

"మీ పాపం మీ దగ్గరే ఉంచుకోండి. ఇచ్చిన మనిషి వచ్చి చీటీ చూపిస్తేనే నేను బట్ట ఇస్తాను. దేశాన్నేలే రాజొచ్చినా చీటీ అడుగుతాను."

అతను తమ్ముడి వైపు తిరిగాడు. "మీ అక్కకు చెప్పుకో. నెలకు నాలుగొందల జతలు ఉతుకుతున్నావు మావి." అని గాజు తలుపు దబాలున వేసి వెళ్ళిపోయాడు.

తమ్ముడి ముఖాన నెత్తురు చుక్క లేదు. "అక్కా, మనకెందుకే ఈ తలనొప్పి? మనం బట్టలు ఉతుక్కునేవాళ్ళం. ఊరి మురికంతా మనమే ఉతకాలా?"

"ఉతకొద్దనే కదరా అంటున్నాను."

వెనకాల బట్టలు మడతపెడుతున్న మరదలు ఫక్కున నవ్వింది. తమ్ముడు ఉరిమి చూశాడు. "నన్ను చూస్తావేం? వదిన అన్నదాంట్లో తప్పేముంది?" అంది ఆమె. "నిన్న సాయంత్రం కూరలు తేవడానికి నేను పోయేటప్పుడు, గాజులు తీసి పెట్టుకో, సంచి ముందుకేసుకో, పెద్ద రోడ్డునే రా అని ముప్పై జాగ్రత్తలు చెప్పింది నువ్వు కాదూ? పేపర్లో నేరాలు తగ్గాయన్నది కూడా నువ్వేగా."

మర్నాడు దారాలక్కా, కాపలాదారు భార్యా స్టేషనుకు వెళ్ళారు. ఇన్‌స్పెక్టరు మర్యాదగానే కూర్చోబెట్టాడు. విన్నాడు. విని, కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏమ్మా, సూది పట్టుకున్నవాళ్ళంతా పోస్ట్‌మార్టం చేస్తామంటే డాక్టర్లు ఏం చెయ్యాలి? బట్టలు కుట్టాలా?"

"చేతనైతే కుట్టమనండి, నేర్పిస్తాను."

పక్కనున్న కానిస్టేబులు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు నవ్వు ఆగిపోయింది. "సరే. చొక్కా ఇక్కడ పెట్టి వెళ్ళండి. మేం చూసుకుంటాం."

"రసీదు ఇవ్వండి."

"పోలీసులనే రసీదు అడుగుతున్నావా?"

"నా కొట్లో జేబురుమాలు ఇచ్చిన వాళ్ళకు కూడా రసీదు ఇస్తాను సార్. ఇది ఒక మనిషి ప్రాణం."

"కేసే లేదు, రసీదేంటి? అది ప్రమాదం. ప్రమాదమని రాసి సంతకాలు కూడా అయిపోయాయి. ఈ స్టేషను పరిధిలో ఈ ఏడాది ఒక్క హత్య లేదు. అర్థమవుతోందా? ఒక్కటి కూడా లేదు. మీరొచ్చి ఉందంటే ఉండదు."

దారాలక్క చొక్కా మడిచి సంచిలో పెట్టుకుంది. లేచి నిలబడింది. "అర్థమైంది సార్. హత్యలు లేకపోవడం కాదు. మీ కాగితంలో చోటు లేదు." అని కాపలాదారు భార్య చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

*

మూడో రోజు మధ్యాహ్నం పన్నెండింటికి, వీధి నిండా జనం తిరుగుతుండగా, బండి మీద ఇద్దరొచ్చి కొట్టు ముందు ఆగారు. వెనకవాడు దిగి లోపలికొచ్చాడు. కొక్కేలకు వేలాడుతున్న ఇస్త్రీ బట్టల వరస మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా కత్తితో గీరుకుంటూ నడిచాడు. కోట్లు, చొక్కాలు, ఒక పెళ్ళికూతురి బట్టలు, ఒక టీచరు చీర. మరదలు కేకపెట్టి ఇస్త్రీ పెట్టె చేతికెత్తింది. కత్తి ఆమె వైపు తిరిగింది. దారాలక్క మధ్యలోకి వచ్చి నిలబడింది. వాడు ఆమె ముఖంలోకి చూసి, "ముసలిదానా, ఈసారి బట్టలు కాదు," అని బండెక్కి పోయాడు. మొత్తం ఒక నిమిషం పట్టిందో లేదో.

ఇరవై మూడు బట్టలు. తమ్ముడు వాటి మధ్య నేల మీద కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. "అయిపోయింది. నా కొట్టు అయిపోయింది. రేపు వీటి మనుషులొస్తే ఏం చెప్పాలి? లోపల దాచేయండి, ఒక్కొక్కటీ చెప్పుకుందాం. అక్కా, నీ కాళ్ళకు దణ్ణం పెడతాను, ఆ చొక్కా వాళ్ళ ముఖాన కొట్టు."

దారాలక్కకు భయం వేయలేదని ఎవరైనా అంటే అది అబద్ధం. కానీ ఆ భయం కింద ఇంకోటి కాగుతోంది. ముప్పై ఏళ్ళుగా ఈ ఊరి చిరుగులన్నీ కనపడకుండా చేస్తూ వచ్చింది తనే. సిగ్గుతో తెచ్చిన ప్రతి కోతా, "ఎక్కడో తగిలింది" అన్న ప్రతి అబద్ధమూ తన సూది కిందే మాయమైంది. ఎంత బాగా కుడితే అంత బాగా మాయమైంది.

"దాచొద్దు," అంది. "బయట కట్టు."

"ఏంటి?"

"దండెం. కొట్టు ముందు. చించినవాడు తలదించుకోవాలి గానీ చిరిగినవాళ్ళం మనమెందుకు దాక్కోవాలి?"

తమ్ముడు కదల్లేదు. మరదలు తాడు తెచ్చింది.

ఒక్కొక్క బట్ట మనిషికీ ఫోను చేసి చెప్పారు. అరిచినవాళ్ళున్నారు. నష్టం ఎవరు కడతారని నిలదీసినవాళ్ళున్నారు. తన కోటు అప్పటికప్పుడు దింపించుకుని పోయిన ప్లీడరు గుమాస్తా ఉన్నాడు. కానీ పెళ్ళికూతురి తల్లి వచ్చి, తెగిన బట్టలను వేళ్ళతో తడిమి, "మా అమ్మాయి ఇది కట్టుకోదులే ఇంక. ఉండనీండి. అందరూ చూడనీండి," అంది. టీచరు వచ్చింది. తన చీర చూసింది. భుజం మీది సంచి తీసి చూపించింది. పట్టీ దగ్గర దారాలక్క పోయిన ఏడాది అల్లిన అతుకు.

"గుర్తుందా? తలుపుకి తగిలిందని చెప్పాను మీకు."

"గుర్తుంది. తలుపు కాదని అప్పుడే తెలుసు."

"బస్టాపు దగ్గర. మెడ మీద కత్తి పెట్టాడు. స్టేషనుకు వెళితే సంచి పోయిందని రాసుకుంటాం, కత్తి సంగతి వదిలేయండి మేడం అన్నారు." టీచరు అక్కడే కూర్చుని, ఆ అతుకు మీది దారాలు తానే కత్తెరతో విప్పేసి, సంచిని దండేనికి తగిలించింది.

దాన్ని చూసి ఇంకొకరు. బస్సు కండక్టరు ఖాకీ చొక్కా తెచ్చాడు. ఆసుపత్రి ఆయా తన కూతురి కోటు తెచ్చింది. శనివారానికి దండెం పక్క కొట్టు దాటి, మందుల షాపు దాటి, వీధి మలుపు దాకా పోయింది. ప్రతి దానికీ ఒక చీటీ పిన్ను చేసి ఉంది. ఏ తేదీ, ఏ వీధి, అంతే. జనం ఆగి చదువుకుంటూ నడుస్తున్నారు. కొందరు తమ వీధి పేరు దగ్గర ఆగిపోతున్నారు.

ఆదివారం పొద్దున్నే ఇన్‌స్పెక్టరు జీపు దిగాడు. "ఇవన్నీ దింపేయాలి. ప్రజలను భయపెడుతున్నారు మీరు."

"ప్రజలవే సార్ ఈ బట్టలు."

"తమాషా చెయ్యకు. కేసు పెడతాను."

"పెట్టండి. బట్టలు ఆరేసుకుంటే ఏ సెక్షనో చెప్పండి, రాసుకుంటాను. కేసు రాయడం చేతనవుతుందని మాకూ తెలుస్తుంది."

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. దణ్ణాలు పెట్టే జనం నవ్వడం ఆ ఇన్‌స్పెక్టరుకు కొత్త. అతను చెయ్యి చాపి మొదటి బట్టను లాగబోయాడు. అప్పటిదాకా లోపల ఇస్త్రీ బల్ల దాటి రాని తమ్ముడు బయటికొచ్చి, "సార్, అది కస్టమరు బట్ట. చీటీ లేకుండా ఇవ్వం," అన్నాడు. అనేసి, తాను అన్నానా అన్నట్టు తానే బిత్తరపోయాడు. ఇన్‌స్పెక్టరు ఆ చెయ్యి అలాగే కాసేపు గాల్లో ఉంచి, వెనక్కి తీసుకుని, జీపెక్కాడు.

*

టీచరుకు తెలిసిన లాయరమ్మ ద్వారా కాపలాదారు భార్య కోర్టులో అర్జీ వేసింది. తన భర్తది ప్రమాదం కాదు, మళ్ళీ విచారించాలని. అర్జీకి ఆధారం ఒకే ఒక్క చొక్కా, ఒకే ఒక్క సాక్షి.

ఏజెన్సీ తరఫు లాయరు పెద్ద పేరున్నవాడు. "మీ చదువెంత?" అని మొదలుపెట్టాడు.

"ఏడో తరగతి."

"సైన్సు చదివారా?"

"లేదు."

"మరి కత్తి, చువ్వ అని ఏ శాస్త్రం ప్రకారం చెబుతున్నారు?"

"మీ కోటు ఎడమ జేబు మూల మీద వేలెడంత రఫూ ఉంది. చేసింది నేను కాదు, ఇంత ముతగ్గా నేను చెయ్యను. అది సిగరెట్ నిప్పు. అది ఏ శాస్త్రమో నాకు తెలియదు."

లాయరు చెయ్యి తనకు తెలియకుండానే జేబు మీదికి పోయింది. మెజిస్ట్రేటు నడివయసు స్త్రీ, ముఖాన నవ్వన్నది లేదు. కళ్ళజోడు సర్దుకుని, లాయరు జేబు వైపు ఒకసారి, సాక్షి వైపు ఒకసారి చూసింది. ఒక జేబు గుర్తుపడితే సాక్ష్యం కాదు, సరిగా పరీక్షిద్దాం అంది. అదే గుడ్డ ముక్కలు ఐదింటికి, వేరే గదిలో, కోర్టు సిబ్బంది ఐదు రకాల వస్తువులతో రంధ్రాలు చేసి, నంబర్లు వేసి తేవాలి. ఏది దేనితో చేశారన్నది మూసిన కవరులో ఉండాలి.

గంట తర్వాత ముక్కలు వచ్చాయి. దారాలక్క కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడి, భూతద్దంతో ఒక్కొక్కటీ చూసింది.

"ఒకటోది ఇనప చువ్వ. రెండోది కత్తి, ఒకవైపే పదును. మూడోది గాజు పెంకు. నాలుగోది కత్తెర, రెండు పళ్ళూ మూసి పొడిచారు."

ఐదో ముక్క దగ్గర చాలాసేపు ఆగింది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూసింది, తిరగేసింది, వేళ్ళతో రాసింది. కాపలాదారు భార్య బెంచీ అంచు పట్టుకుంది.

"ఇది నాకు తెలియదు," అంది దారాలక్క.

లాయరు లేచాడు. "తెలియదట, విన్నారా మేడం!"

"ఊహించి చెప్పండి," అంది మెజిస్ట్రేటు.

"ఊహించి చెబితే తప్పు చెప్పొచ్చండి. కత్తి కాదు, చువ్వ కాదు. అంతవరకే తెలుసు. ఇలాంటిది నేను ఎప్పుడూ చూడలేదు."

కవరు విప్పారు. నాలుగూ సరిపోయాయి. ఐదోది ఒక గుమాస్తా తాళంచెవితో చేసింది. మెజిస్ట్రేటు ఉత్తర్వు అక్కడికక్కడే చెప్పి రాయించింది. తెలిసింది తెలుసనీ, తెలియనిది తెలియదనీ చెప్పే సాక్షి మాటను ఈ కోర్టు తేలిగ్గా తీసుకోదు. చొక్కాను పరీక్షా కేంద్రానికి పంపాలి. మరణాన్ని హత్యగా నమోదు చేసి వేరే అధికారి చేత విచారించాలి.

"చొక్కాకు రసీదు ఇస్తారా అమ్మా?" అని అడిగింది దారాలక్క. ఇచ్చారు.

అన్నీ మంచిగా ముగిశాయని చెప్పడానికి లేదు. పరీక్షా కేంద్రం కత్తేనని తేల్చింది. వ్యాను దొరికింది, రాగి దొరికింది, ఇద్దరు మనుషులు దొరికారు. వాళ్ళకు గేటు ఎప్పుడు తెరిచి ఉంటుందో చెప్పింది సూపర్‌వైజరేనని బయటపడింది. కొట్లో బట్టలు కోసినవాడు మాత్రం ఇంకా దొరకలేదు. అంతకుముందు "పడిపోయిన" ఇద్దరు కాపలావాళ్ళలో ఒకరి కేసు తెరిచారు. రెండో అతని బట్టలు ఇంటివాళ్ళు అప్పుడే తగలబెట్టేశారు. అతని ముసలి తండ్రి ఒకరోజు కొట్టుకొచ్చి, "మాకు చెప్పేవాళ్ళు లేకపోయారమ్మా," అని గుమ్మంలోనే నిలబడి వెళ్ళిపోయాడు. ఆ రోజు దారాలక్క అన్నం ముట్టలేదు. ఇన్‌స్పెక్టరుకు శిక్షేమీ పడలేదు, ఇంకో ఊరికి బదిలీ అయ్యాడు. ఆ ఏడాది ఊళ్ళో నేరాలు ఒక్కసారిగా రెట్టింపయ్యాయని పేపర్లు గగ్గోలు పెట్టాయి. "పెరిగింది నేరాలు కాదు, రాయడం" అని తమ్ముడు ఇప్పుడు కొట్టుకొచ్చిన ప్రతివాడికీ తన సొంత మాటలా చెబుతున్నాడు. ఏజెన్సీ జతలు పోయి, వాషింగ్ మిషను సగం రోజు ఖాళీగా ఉంటున్నా సరే.

దారాలక్కకు కొత్త పని ఒకటి తగులుకుంది. బట్టలు కుట్టించుకోడానికి కాదు, చూపించుకోడానికి జనం వస్తున్నారు. "ఉతకొద్దు. మడత పెట్టొద్దు. ప్లాస్టిక్ కవరులో వద్దు, కాగితం సంచిలో పెట్టండి. ముందు స్టేషనుకు పోయి రాయించండి, రసీదు అడగండి. ఇవ్వం అంటే నా దగ్గరికి రండి, ఇద్దరం కలిసి పోదాం," అని ఒకే పాఠం రోజుకు నాలుగుసార్లు చెబుతుంది.

హత్య కేసు మొదటి వాయిదా రోజు, సాక్ష్యం చెప్పి బయటికి వస్తుంటే, కోర్టు వరండాలో నిందితుల తాలూకు మనిషి ఒకడు దారికి అడ్డంగా కాలు చాపి నిలబడ్డాడు.

"ముసల్దానా, నీకు ప్రాణం మీద ఆశ లేదా?"

"బోలెడుంది," అంది దారాలక్క. "లేకపోతే ఇంత దూరం ఎందుకొస్తాను? కాలు తియ్యి."

వాడు తీయలేదు. ఆమె కదల్లేదు. కాపలాదారు భార్య వచ్చి ఆమె పక్కన నిలబడింది. టీచరు వచ్చింది. కండక్టరు వచ్చాడు. వరండాలో నడుస్తున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగి చూడసాగారు. వాడు అటూ ఇటూ చూసి కాలు వెనక్కి తీసుకున్నాడు. వాళ్ళు మెట్లు దిగి బస్సెక్కారు. సీట్లు లేవు. నిలబడే, పై కమ్మీ పట్టుకుని, వచ్చే వాయిదాకు ఎవరెవరు సెలవు పెట్టాలో మాట్లాడుకుంటూ ఊళ్ళోకి పోయారు.